మీటరు మీది, గీజరు మాది

కరెంటు పొదుపు చిట్కాలు చదివీ చదివీ నాకు విసుగొచ్చింది. చలికాలం వస్తే గీజరు మీద, ఎండాకాలం వస్తే కూలరు మీద, మధ్యలో తీరిక దొరికితే ఇస్త్రీపెట్టె మీద. అవన్నీ ఎవర్ని ఉద్దేశించి రాస్తారో గమనించారా? "గృహిణులూ!" అని మొదలవుతాయి. స్విచ్చి పది నిమిషాల ముందే ఆపండి, ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టి ఆలోచిస్తూ నిలబడకండి, మనిషి లేని గదిలో లైటు ఆర్పండి... దేశంలో తయారయ్యే కరెంటంతా మన ఆడవాళ్ళ వేళ్ళ సందుల్లోంచే కారిపోతోందన్నట్టు! సంపాదకులవారు మన్నించాలి, ఈ పత్రికలోనూ ఆ చిట్కాలు వస్తూనే ఉన్నాయి.

నేనడిగేది ఒక్కటే. పొదుపు చెయ్యమన్నారు, సరే. ఏ రేటు మీద చెయ్యమంటారు? బియ్యం కొంటే కిలో ఎంతో తెలుస్తుంది. చీర కొంటే బేరమాడి మరీ తెలుసుకుంటాం. అద్దె ఇంట్లో కాపురం చేసే ఇల్లాలికి తను కాల్చే యూనిటు అసలు ధర తెలుసా? ఇంటివారు చెప్పిన ధర తెలుసు. అంతవరకే.

మేముండేది శంషాబాదులో. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరు ఊరులా లేదు. పాత బెంగుళూరు రోడ్డుకి అటూ ఇటూ, రాళ్ళగూడ వైపూ, సాతంరాయి వైపూ మూడంతస్తుల మేడలు లేచాయి. విమానాశ్రయంలో సామాన్లు ఎత్తేవాళ్ళూ, టిక్కెట్లు చూసేవాళ్ళూ, కాపలా కాసేవాళ్ళూ, కార్లు నడిపేవాళ్ళూ, మావారిలా సరకుల లెక్కలు రాసేవాళ్ళూ అందరూ ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి కదా! అందుకని ప్రతి గేటుకీ 'టు లెట్' బోర్డు. "రెండు పడక గదులు, గీజరు కలదు, చల్లటి బోరు నీళ్ళు, విమానాశ్రయానికి పది నిమిషాలు" అని రాస్తారు. (బోరు నీళ్ళ సంగతి గీజరునడగండి. రెండేళ్ళలో దాని కడుపులో సున్నం గూడు కడుతుంది.) మేడకి ఎన్ని వాటాలో చెప్తారు. ఎన్ని కరెంటు మీటర్లో ఏ బోర్డు మీదా నేను చూడలేదు.

ఆ సంఖ్య మీదే మన ఇంటి లెక్కంతా ఆధారపడి ఉంది. నేను బి.ఏ. తెలుగు సాహిత్యం. లెక్కలంటే నాకెంత ప్రేమో నా మార్కుల జాబితా చెబుతుంది. అయినా ఈ లెక్క నాకే అర్థమైందంటే మీకందరికీ అవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

తెలంగాణలో ఇళ్ళకి వేసే కరెంటు రేట్లు ప్రభుత్వ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం చెబుతున్నాను. నెలకి 100 యూనిట్లలోపు కాల్చే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూపాయి 95 పైసలు చొప్పున, తర్వాతి 50 మూడు రూపాయల 10 పైసలు చొప్పున. వంద దాటి 200 లోపయితే మొదటి వందా 3.40, రెండో వందా 4.80. 200 దాటిందా, కథ మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5.10, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా తొమ్మిదిన్నర, ఆ పైన పది.

ఇందులో కిటుకు చూడండి. 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిటుకి రెండు వందల ఏడు రూపాయల 70 పైసలు! బంగారం కొట్లో కూడా ఇంత నిక్కచ్చిగా తూచరు. గీత దాటగానే అప్పటిదాకా చవగ్గా కాల్చిన యూనిట్లన్నీ కూడా ఖరీదైపోతాయి. గుంటూర్లో మా అక్కయ్యకి ఈ బాధ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అదే 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి గుంపుల పద్ధతి తీసేశారు. అక్కడ 201వ యూనిటుకి ఆరు రూపాయలు పడుతుంది, వెనక యూనిట్ల జోలికి రారు. ఆవిడకి వేరే సర్దుబాటు చార్జీల గొడవలున్నాయి, అవి ఆవిడ పడుతుంది. కానీ గీత దగ్గర గోతిలో మాత్రం పడదు.

ఇప్పుడు గీజరు దగ్గరికి రండి. పదిహేను లీటర్ల గీజరు నిండా చన్నీళ్ళు పోసుకుని, చెయ్యి కాలేంత వేడి ఎక్కడానికి ఇంచుమించు ముప్పావు యూనిటు తాగుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకి మూడు విడతలు కాగితే నెలకి అటూ ఇటూగా 60 యూనిట్లు. మా ఇంట్లో మావారి షిఫ్టు పుణ్యమా అని మొదటి విడత తెల్లవారుజామున మూడున్నరకే. ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ, మిక్సీ, బట్టల మిషనూ అన్నీ కలిపి ఒక ఇంట్లో 145 అనుకోండి. గీజరుతో 205. బిల్లు 1,058 రూపాయలు. ఆ ఇల్లాలు తెలివిగా రెండు మూడు వారాలపాటు స్విచ్చి దగ్గర కాపలా కాసి ఆరు యూనిట్లు మిగిల్చింది. 199. బిల్లు 815 రూపాయలు. ఆరు యూనిట్లకి 243 రూపాయల లాభం! అప్పుడు నేను కూడా ఆ పత్రికల చిట్కాలకి దణ్ణం పెడతాను.

అయితే ఆ ఇల్లాలికి తన పేరునో, కనీసం తన వాటాకో ఒక మీటరు ఉండాలి. లేదు. మా మేడలో మూడు వాటాల వాళ్ళకీ కలిపి సర్కారు మీటరు ఒక్కటి. ఇంటివారిది కింద వేరే. మూడు వాటాలకీ మెట్ల కింద మూడు చిన్న డబ్బాలు బిగించారు, వాటిని సబ్ మీటర్లంటారు. నెల మొదట్లో ఇంటివారి అబ్బాయి సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చి ఫొటో తీసుకుపోతాడు. సాయంత్రానికి ఒక అంకె వస్తుంది. యూనిటుకి పది రూపాయలు. ఎందుకు పది, ఎందుకు తొమ్మిది కాదు, ఎందుకు పదకొండు కాదు అని అడగకూడదు. అలా అడగడం మర్యాద కాదు.

ఇక్కడ ఆరు యూనిట్లు మిగిల్చిన ఇల్లాలికి అరవై రూపాయలు మిగులుతాయి. ఆవిడ స్విచ్చి దగ్గర కాపలా కాసినందుకు ఫలం గీత కింద ఎవరి ఖాతాలో పడుతుందో, అసలు పడుతుందో లేదో కూడా ఆవిడకి తెలియదు. ఎందుకంటే గీత ఆవిడ చేతుల్లో లేదు. మూడు వాటాలూ కలిసి కాలిస్తే 200 గీత నెల సగంలోనే దాటిపోతుంది.

మూడిళ్ళూ తలా 150 కాల్చాయనుకుందాం. ఎవరి మీటరు వారికుంటే తలా 580 రూపాయలు, మొత్తం 1,740. ఒకే మీటరు మీద 450 యూనిట్లు పడితే 3,165. అంటే మీటరు ఒకటే అయినందుకు 1,425 రూపాయలు ఊరికే పోయాయి. ఇక మేము కట్టేదెంత? పది రూపాయల చొప్పున 4,500. సర్కారు వారి చిల్లర చార్జీలు తీసేసినా ఇంటివారికి నెలకి వెయ్యి రూపాయల పైన మిగులుతుంది. ఒక్కో ఇల్లాలు 580 కట్టవలసిన చోట 1,500 కడుతోంది. ఇంతా కట్టి, రాత్రి గీజరు ఆపడం మరిచిపోయిన మొగుడి మీదో, తలంటుకున్న కూతురి మీదో విసుక్కుంటోంది. మా పై వాటా అమ్మాయికి మూడు నెలల పసిబిడ్డ. బిడ్డ స్నానానికి గీజరు వేస్తే బిల్లు పెరుగుతుందని అత్తగారు ఊరుకోరట. గ్యాసు పొయ్యి మీద తపేలాలో కాచి, రెండు చేతులా పట్టుకుని గడప దాటి మోసుకెళ్తోంది. ఒకరోజు నేను చూసి గుండె చిక్కబట్టుకున్నాను. ఆ గీజరు స్నానాల గదిలో గోడకి వేలాడుతూనే ఉంది, దాని అద్దె కూడా ఇంటద్దెలో కలిపి ఆ పిల్లే కడుతోంది!

ఆ మర్నాడే మేం ముగ్గురం ఆడవాళ్ళం కలిసి కిందికి దిగాం. ఇంటావిడ చెడ్డ మనిషేం కాదు. పండగకి సకినాలు పంపిస్తుంది, మా అబ్బాయికి జ్వరమొస్తే రెండుసార్లు పైకి వచ్చి చూసింది. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళతో పోట్లాడటం సులువు.

"అక్కా, సర్కారు బిల్లు ఒకసారి చూపిస్తావా?" అన్నాను.

"గదెందుకు చెల్లె నీకు? మా దిక్కు అందరు పదే తీసుకుంటరు. ఆ పక్క గల్లీల పదకొండు గూడ తీసుకుంటుండ్రు" అంది నవ్వుతూనే.

"పక్క గల్లీ సంగతి కాదక్కా, మన బిల్లు."

"మోటరుకు కరెంటు కావాలె గదా? మెట్ల మీద లైట్లకు? నీళ్ళు ఎట్ల ఎక్కుతయి పైకి?" అంది. మోటరు ఖర్చు కింద నెలకి మూడు వందలు మెయింటెనెన్సు విడిగా తీసుకుంటున్నారన్న సంగతి పై వాటా అమ్మాయి మెల్లిగా గుర్తుచేసింది. ఇంటావిడ నవ్వు కాస్త తగ్గింది. "మా ఆయన వచ్చినంక అడుగుత" అంది. ఆయన వచ్చారు, అడిగిందో లేదో మరి, బిల్లు మాత్రం పైకి రాలేదు.

సరిగ్గా ఆ వారమే ఇంగ్లండులో ఉన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. అక్కడ వాళ్ళ అద్దె ఇంట్లో వెచ్చదనానికి స్టోరేజ్ హీటర్లట. లోపల ఇటుకలు పేర్చిన ఇనప పెట్టెలు గోడకి ఆనించి ఉంటాయి. రాత్రి కరెంటు చవగ్గా ఉన్న ఏడు గంటల్లో ఇటుకలు కాగి, పగలంతా వేడి విడిచిపెడతాయి. 1978 నుంచీ ఉన్న ఏర్పాటు, ఎకానమీ సెవెన్ అంటారట. "రాత్రి రేటూ పగటి రేటూ ఉన్న పద్ధతి తీసుకోవాలా, రోజంతా ఒకే రేటు తీసుకోవాలా, ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలా అని వారం నుంచి కాగితాల మీద లెక్కలు వేస్తున్నానత్తా, పిచ్చెక్కుతోంది" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అద్దెకున్న పిల్ల, తన కరెంటు రేటు తను ఎంచుకోలేక సతమతమవుతోందట! బిల్లు కట్టేది అద్దెకున్నవారైతే ఎంచుకునే హక్కూ వారిదేనట. ఒకవేళ ఇంటివారే కరెంటు కొని అద్దెవారికి ఇస్తే, తాము కట్టిన ధర కన్నా పైసా ఎక్కువ తీసుకోకూడదని 2003 నుంచీ అక్కడ నియమం. మూడున్నరకి లేచి నీళ్ళు కాచుకునే శంషాబాదు వాళ్ళకి రాత్రి రేటు ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను గానీ, ముందు పగటి రేటు ఏమిటో తెలిస్తే చాలు.

మా గొడవ మధ్య తరగతి గొడవ. ఏడుస్తూనో తిడుతూనో కట్టగలం. మా పనిమనిషి సంగతి వినండి. రాళ్ళగూడ దగ్గర వరసగా కట్టిన ఒంటి గదుల్లో ఒకదాంట్లో ఉంటుంది. ఐదు గదులకి ఒక మీటరు. ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక టీవీ. "నలభై యూనిట్లే అయినయమ్మా, నాలుగొందలు గట్టిన" అంది. సొంత మీటరు ఉంటే ఆ నలభై యూనిట్ల ధర 78 రూపాయలు. దాని మీద కస్టమర్ చార్జీలవీ వేసినా నూట యాభై చేరదు. పైగా ఆమెకి రేషన్ కార్డుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. అంతకుముందు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఈమె కూడా క్యూలో నిలబడింది. ఫారంలో మీటరు నంబరు అడిగారు. ఆమె దగ్గర గది నంబరు ఉంది గానీ మీటరు నంబరు లేదు. అద్దెకున్నవారికీ ఈ పథకం వర్తిస్తుందని ప్రభుత్వం చెప్పింది, నిజమే. ఏ మీటరుకి వర్తింపచెయ్యమంటారు? ఐదు గదులూ కలిపి 200 లోపు కాల్చి, ఆ గదుల యజమానికి కార్డుంటే, సర్కారు ఆయనకి జీరో బిల్లు ఇస్తుంది, ఆయన ఆమె దగ్గర నాలుగు వందలు తీసుకోవచ్చు. పేదవాళ్ళకి ఉచితంగా ఇచ్చిన కరెంటు పేదవాళ్ళకే యూనిటు పది రూపాయలకి అమ్మే వీలున్న ఏర్పాటు ఇది!

చట్టం లేదా అంటారు. ఎందుకు లేదు, ఉంది. 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో, ఇంటి యజమాని గానీ, అందులో ఉంటున్నవారు గానీ దరఖాస్తు పెట్టుకుంటే పంపిణీ సంస్థ కరెంటు ఇవ్వాలని ఉంది. ఉంటున్నవారు, అంటే మనం. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా కరెంటు వ్యాపారం చెయ్యకూడదు. ఇంటివారు అభ్యంతరం లేదని కాగితం ఇవ్వనంత మాత్రాన అద్దెదారుకి కరెంటు కాదనకూడదు, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే చూడాలని 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది.

ఇదంతా మావారికి వినిపించాను. ఆయన పేపరు మడిచి, "సుప్రీంకోర్టు కరెంటు ఇప్పిస్తుంది సరే, ఇల్లు కూడా ఇప్పిస్తుందా?" అన్నారు.

అక్కడే ఉంది అసలు సంగతి. చట్టం చేతిలో పట్టుకుని మీటరుకి దరఖాస్తు పెడితే, వచ్చే నెల "మా బావమరిదోళ్ళు వస్తున్నరు, ఇల్లు ఖాళీ చెయ్యాలె" అంటారు. పిల్లల బడి, గ్యాసు చిరునామా, పాలవాడు, అన్నీ మార్చుకోవాలి. సామాన్లు సర్దవలసింది ఎవరు? మళ్ళీ గృహిణులే! అందుకే ఎవరూ అడగరు. నెలకి తొమ్మిది వందలు పోయినా ఫరవాలేదు, గడప మాత్రం ఉండాలి అని నోరు మూసుకుంటారు. ఆ మౌనాన్ని అలవాటు అనీ, ఈ ప్రాంతపు పద్ధతి అనీ పిలుస్తున్నారు.

ఇంటివారి తరఫున కూడా మాట్లాడదాం, న్యాయం న్యాయమే. అప్పు చేసి మేడ కట్టారు. వాటాకో మీటరు అంటే డిపాజిట్లు, చార్జీలు, వేరే వైరింగు, ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు. ఈ అద్దె మీదే బతికే వితంతువులూ, రిటైరైన వాళ్ళూ ఉన్నారు, నాకు తెలుసు. వారికి వెయ్యి రూపాయలు అవసరమైతే అద్దె వెయ్యి పెంచండి. బోర్డు మీద రాయండి. ఇష్టమైన వాళ్ళు వస్తారు, లేనివాళ్ళు పక్కింటికి వెళ్తారు. అద్దె అంటే బేరమాడవచ్చు, పక్కింటితో పోల్చవచ్చు. యూనిటు రేటులో దాచిన అద్దెతో బేరమాడేదెట్లా? అది ఇల్లాలి దుబారా లెక్కలోకి పోతుంది. మీటరు వేయించడానికి అయిన ఖర్చు అద్దెవాళ్ళనే సగం పెట్టుకోమనండి. మా మేడలో ముగ్గురం ఒప్పుకున్నాం. ఆ మాట చెప్పి రెండు నెలలయింది. ఇంటాయన "చూద్దాం" అన్నారు. తలుపు మాత్రం వెయ్యలేదు.

అంతవరకూ కనీసం ఒక పని చెయ్యవచ్చు. సర్కారు బిల్లు కాగితం ప్రతి నెలా మెట్ల కింద, ఆ సబ్ మీటర్ల పక్కన అంటించండి. మొత్తం ఎంతో, ఎన్ని యూనిట్లో అందరికీ కనపడుతుంది. దాన్ని యూనిట్ల చొప్పున పంచుకుంటాం. మా ముగ్గురి లెక్కలో అది తలా 1,500 నుంచి పదకొండు వందల చిల్లరకి దిగుతుంది. ఇందులో ఇంటివారి చేతి నుంచి పైసా పడదు. దీనిక్కూడా ఒప్పుకోని వారితో నేను సకినాలు తింటూనే పోట్లాడతాను.

ఇక పత్రికలవారికి ఒక మనవి. ఈసారి "గృహిణులూ!" అని మొదలుపెట్టినప్పుడు, గీజరు స్విచ్చి కన్నా ముందు మీటరు పెట్టె గురించి రాయండి. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన ఆడవాళ్ళు వంటింటి గట్టు ఎత్తెంతో, పూజకి మూల ఉందో లేదో చూసి వచ్చేస్తున్నారు. మెట్ల కిందకి వంగి చూడమని ఎవరూ చెప్పడం లేదు. మా తోడికోడలి చెల్లెలికి ఇక్కడికే బదిలీ అయింది. పోయిన ఆదివారం సాతంరాయిలో ఇల్లు చూస్తూ అక్కణ్ణుంచే ఫోన్ చేసింది.

"వదినా, నాలుగు వాటాలు, నాలుగు మీటర్లు. నెంబర్లు కూడా రాసి ఉన్నాయి. కానీ గీజరు లేదు, అద్దె ఐదు వందలెక్కువ అడుగుతున్నారు."

అడ్వాన్సు ఇచ్చెయ్యమన్నాను.